సుంకం పెరిగితే ఆ భారం ఎవరిది? ఎగుమతి ఒప్పందాల చట్టంలో తేలినవి, తేలనివి

2025 ఆగస్టు 7న అమెరికా భారత సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. ఈ రెండో వడ్డింపులో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఆగస్టు 27కు ముందే ఓడకెక్కి, సెప్టెంబరు 17కు ముందు అమెరికా కస్టమ్స్‌లో నమోదైన సరుకును దాని నుంచి మినహాయించారు. అంటే ఒకే ఆర్డరు కింద, ఒకే షెడ్డులో తయారైన రెండు కంటెయినర్లలో ఒకటి పాత రేటుకు, రెండోది కొత్త రేటుకు పోయి ఉండవచ్చు. తేడా అంతా ఓడ ఎక్కిన తేదీలోనే.

ఈ దెబ్బ తగిలిన ఊళ్లలో మనవాళ్లు తరతరాలుగా ఉన్నారు. తిరుప్పూరు, కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు కుటుంబాలు మిల్లుల్లోనూ బనియన్ కంపెనీల్లోనూ యజమానులుగా, పనివాళ్లుగా ఉన్నాయి. తెలంగాణ నుంచి వెళ్లి సోలాపూర్‌లో స్థిరపడిన పద్మశాలీల చేతుల మీదుగానే అక్కడి చద్దర్లు, తువ్వాళ్లు పేరు తెచ్చుకున్నాయి. యానాం చుట్టూ ఉన్న గోదావరి డెల్టాలో రొయ్యల చెరువులున్నాయి. రొయ్యల మీదైతే ఈ కొత్త సుంకానికి ముందు నుంచే అమెరికా యాంటీ డంపింగ్ సుంకం, కౌంటర్‌వెయిలింగ్ సుంకం వసూలు చేస్తోంది.

రేటు ఎంత, ఎప్పుడు మారింది అన్నది పత్రికలు చెబుతూనే ఉంటాయి. ఈ వ్యాసం వేరే ప్రశ్న గురించి. ధర మాట్లాడుకుని, నూలు కొని, సరుకు నేశాక ఒక విదేశీ ప్రభుత్వం సుంకం పెంచితే ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోవాలి? వాణిజ్య చట్టం మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పుడు గట్టిగా వాదించుకుంటున్న ప్రశ్నల్లో ఇదొకటి. ఎగుమతిదారుకు మాత్రం ఇది నెలాఖరు కూలి డబ్బుల ప్రశ్న.

మూడక్షరాల మాట

ఇన్‌వాయిసు మీద ధర పక్కన ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్, డీడీపీ అని మూడక్షరాలుంటాయి. వీటిని ఇన్‌కోటర్మ్స్ అంటారు. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి వీటిని ప్రకటించింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 కూర్పు. అందులో మొత్తం 11 నియమాలున్నాయి. పదకొండింటిలో ఒక్క డీడీపీలోనే దిగుమతి సుంకం అమ్మేవాడి మీద పడుతుంది. మిగతా పదింటిలో అది కొనేవాడిదే.

సోలాపూర్‌లో ఒక చిన్న యూనిట్ 20,000 డాలర్ల తువ్వాళ్లు అమ్మిందనుకుందాం. ఎఫ్‌ఓబీ నవాషేవా అని రాసి ఉంటే అదనపు సుంకం 10,000 డాలర్లు అమెరికా బయ్యరు కట్టాలి. (అమెరికాలో సుంకం లెక్కించేది సరుకు విలువ మీదే, ఓడ కిరాయి, బీమా కలపరు. మన దేశంలో ఆ రెండూ కలిపి లెక్కిస్తారు.) అదే కాగితం మీద డీడీపీ న్యూయార్క్ అని ఉంటే ఆ 10,000 డాలర్లు సోలాపూర్ నుంచి పోవాలి. తువ్వాళ్ల వ్యాపారంలో అంత లాభం ఎవరికీ ఉండదు. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగాక చిన్నవాళ్లను కూడా డీడీపీకి ఒప్పిస్తున్నారు. ‘ఇంటిదాకా చేర్చే ధర చెప్పండి’ అని బయ్యరు అడిగితే ఆ మాటకు అర్థం ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఇన్‌కోటర్మ్స్ చట్టం కాదు, ఒప్పందంలో రాసుకుంటేనే వర్తిస్తుంది. పైగా కొత్త సుంకాల విధింపు, ఫోర్స్ మెజూర్, ఒప్పందం నెరవేర్చడంలో వచ్చే మితిమీరిన కష్టం వంటివి తమ పరిధిలో లేవని ఆ నియమాల పీఠికే చెబుతుంది. కాబట్టి కస్టమ్స్ కౌంటరు దగ్గర డబ్బు ఎవరు కట్టాలో ఎఫ్‌ఓబీ చెబుతుంది. సుంకం పెరిగిందని బయ్యరు ఆర్డరు రద్దు చేయవచ్చా, ధర తగ్గించమని అడగవచ్చా అంటే మాత్రం ఆ మూడక్షరాలు సమాధానం చెప్పవు. దానికి చట్టం దగ్గరికి వెళ్లాలి.

కష్టం వేరు, అసాధ్యం వేరు

మన దేశంలో ఆ చట్టం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. ఒప్పందం చేసుకున్న తర్వాత ఆ పని అసాధ్యమైనా, చట్టవిరుద్ధమైనా ఒప్పందం చెల్లదని అందులోని 56వ సెక్షన్ చెబుతుంది. అసాధ్యం అంటే అక్షరాలా అసాధ్యం కానక్కరలేదని, ఒప్పందం పునాదే కదిలిపోతే చాలని సత్యబ్రత ఘోష్ కేసులో సుప్రీంకోర్టు 1953లో అంది. ఆ మాట ఉదారంగానే కనిపిస్తుంది. కానీ ఆ కేసులోనే కోర్టు ఒప్పందాన్ని రద్దు చేయలేదు. యుద్ధకాలంలో ప్రభుత్వం ఆ భూమిని స్వాధీనం చేసుకోవడం తాత్కాలికం, ఆలస్యమైనా పని జరగవచ్చని తేల్చింది.

ఆ తర్వాతి తీర్పుల్లో మొగ్గు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అలోపీ పర్షాద్ కేసు నెయ్యి కేసు. సైన్యానికి నెయ్యి కొనిపెట్టే ఏజెంట్లు వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంతో ఖర్చులు పెరిగాయి, కాబట్టి ఒప్పుకున్నదాని కంటే ఎక్కువ ఇవ్వాలని అడిగారు. కుదరదని సుప్రీంకోర్టు 1960లో చెప్పింది. ధరలు ఎగబాకడం, అనుకోని భారం మీద పడటం ఒప్పందం నుంచి తప్పుకోవడానికి కారణాలు కావంది. 1967లో నైహాటి జూట్ మిల్స్ కేసు వచ్చింది. అది పాకిస్తాన్ నుంచి జనపనార కొనుగోలుకు సంబంధించిన వ్యవహారం. దిగుమతి లైసెన్సు కొనేవాడే తెచ్చుకోవాలని ఒప్పందం. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అయినా కొనేవాడే నష్టపరిహారం ఇచ్చుకోవలసి వచ్చింది. ప్రభుత్వం అడ్డుపడితే ఎవరు భరించాలో ముందే రాసుకున్నప్పుడు ఆ రాతే నడుస్తుందన్నది కోర్టు మాట.

ఇంగ్లండు తీర్పుల్లో దీనికి తోడైనది వేరుశనగ కేసు. సూడాన్ నుంచి హాంబర్గుకు 300 టన్నుల వేరుశనగ పంపాలి. 1956 నవంబరులో సూయెజ్ కాలువ మూతపడింది. ఆఫ్రికా చుట్టూ తిప్పి పంపితే కిరాయి దాదాపు రెట్టింపు అవుతుంది. అమ్మినవాడు పంపలేదు. తిప్పి పంపడం ఖర్చే గానీ అసాధ్యం కాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1961లో తేల్చింది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలై ఓడలు మళ్లీ ఆఫ్రికా చుట్టూ తిరిగినప్పుడు లాయర్లు దుమ్ము దులిపి తీసిన తీర్పు ఇదే.

వీటన్నిటి తర్వాత వచ్చింది, మన ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరిది, 2017 ఏప్రిల్‌లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసు. అదానీ, టాటా విద్యుత్ కంపెనీలు ఇండోనేషియా బొగ్గును నమ్ముకుని కరెంటు ధర ఒప్పుకున్నాయి. ఎగుమతి బొగ్గు అంతర్జాతీయ ధరకే అమ్మాలని ఇండోనేషియా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. బొగ్గు ధర పెరిగింది. ఇది ఫోర్స్ మెజూర్ అని కంపెనీలు వాదించాయి. ధర పెరగడం ఫోర్స్ మెజూర్ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్ల రెండో వాదన మనకు ఇంకా ముఖ్యం. ఒప్పందంలో ‘చట్టంలో మార్పు’ వస్తే భారం సర్దుబాటు చేయాలన్న క్లాజు ఉంది. ఇండోనేషియా చట్టం మారింది కదా అన్నారు. ఒప్పందంలో చట్టం అంటే భారతదేశంలో అమల్లో ఉన్న చట్టమని నిర్వచనం ఉంది, కాబట్టి విదేశీ చట్టం లెక్కలోకి రాదని కోర్టు అంది.

ఎగుమతిదారుకు ఈ వరస ఒక రకంగా రక్షణే. బయ్యరు ఎఫ్‌ఓబీకి ఒప్పుకుని, భారత చట్టానికి ఒప్పుకుని, సుంకం పెరిగిందని సరుకు వద్దంటే అది ఒప్పంద ఉల్లంఘన అవుతుంది. అదే ఎగుమతిదారు డీడీపీకి సంతకం చేసి ఉంటే ఈ కత్తి అతని మెడ మీదే ఉంటుంది.

వస్తు విక్రయ చట్టంలో ఒక మూల

డీడీపీ కింద చిక్కుకున్నవాళ్లకు ఒక ఆశ ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. ఒప్పందం కుదిరిన తర్వాత సరుకు మీద పన్ను కొత్తగా పడినా, పెరిగినా, ఒప్పందంలో వేరే ఉద్దేశం లేకపోతే అమ్మినవాడు ఆ మేరకు ధరకు కలుపుకోవచ్చు. పన్ను తగ్గితే కొనేవాడు ఆ మేరకు తగ్గించి కట్టవచ్చు. ఏ పన్నులు? కస్టమ్స్ సుంకం, ఎక్సైజ్ సుంకం, అమ్మకం లేదా కొనుగోలు మీద పన్ను అని సెక్షనే చెబుతుంది.

కస్టమ్స్ సుంకం అంటే ఏ దేశపు కస్టమ్స్ అని సెక్షన్ చెప్పలేదు. డీడీపీ అంటే సుంకం కలుపుకున్న ధర. కాబట్టి అమెరికా సుంకం పెరిగితే ఆ తేడాను ధరకు కలుపుకునే హక్కు 64ఏ ఇస్తుందని ఒక వాదన. మన పార్లమెంటు చట్టంలో కస్టమ్స్ అంటే మన కస్టమ్సే అని ఎదురు వాదన. ఎనర్జీ వాచ్‌డాగ్ తీర్పు రెండో వాదనకు బలమిచ్చేలా కనిపిస్తుంది, కానీ అక్కడ కోర్టు చదివింది ఒప్పందంలోని నిర్వచనాన్ని, ఈ సెక్షన్‌ను కాదు. నా మట్టుకు మొదటి వాదనను తోసిపుచ్చడం అంత తేలిక కాదనిపిస్తుంది. సెక్షన్ ఉద్దేశం ఖజానాకు పోయే డబ్బును బేరంలోంచి విడదీయడం. ఖజానా ఢిల్లీలో ఉందా, వాషింగ్టన్‌లో ఉందా అన్నదాన్ని బట్టి ఆ ఉద్దేశం మారదు. లా చదువుతున్న మన పిల్లలెవరైనా పరిశోధన పత్రానికి విషయం వెతుక్కుంటుంటే దీన్ని తీసుకోవచ్చు.

అయితే 64ఏ పనికిరావాలంటే ఒప్పందానికి భారత చట్టం వర్తించాలి. బయ్యరు పంపే పర్చేజ్ ఆర్డరు వెనక పేజీలో సన్నక్షరాలతో ఏ రాష్ట్రం, ఏ దేశం పేరుందో చాలామంది చూసుకోరు.

సముద్రం అవతల ఏమంటారు

అమెరికాలో వస్తు విక్రయాలకు యూనిఫాం కమర్షియల్ కోడ్ వర్తిస్తుంది. పని ఆచరణలో అసాధ్యమైతే అమ్మేవాడికి మినహాయింపు ఉంది. కానీ ఖర్చు పెరగడం ఒక్కటే చాలదని ఆ కోడ్ అధికారిక వ్యాఖ్యే అంటుంది. అనుకోని సంఘటన పని స్వభావాన్నే మార్చేసి ఉండాలి. ఫలితంలో మన కోర్టులకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు.

యూరప్ దారి వేరు. జర్మన్ సివిల్ కోడ్ 313వ సెక్షన్ ప్రకారం ఒప్పందం పునాది తీవ్రంగా మారితే సర్దుబాటు కోరవచ్చు. 2016 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సంస్కరణతో ఫ్రాన్స్ కూడా 1195వ అధికరణం చేర్చింది. ఊహించలేని మార్పు వల్ల భారం మితిమీరితే మళ్లీ చర్చలకు పిలవవచ్చు, అవి కుదరకపోతే కోర్టు సవరించవచ్చు లేదా ముగించవచ్చు. హాంబర్గు బయ్యరుతో, న్యూయార్క్ బయ్యరుతో ఒకే తరహా సరుకు వ్యాపారం చేసే తిరుప్పూరు కంపెనీ నిజానికి రెండు వేర్వేరు న్యాయ ప్రపంచాలతో వ్యవహరిస్తోంది.

ఈ రెంటి మధ్య వంతెన వేయడానికే 1980లో వియన్నాలో అంతర్జాతీయ వస్తు విక్రయ ఒడంబడిక కుదిరింది. వ్యవహారంలో దాన్ని సీఐఎస్‌జీ అంటారు. 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అమెరికా, చైనా, జర్మనీ, ఫ్రాన్స్ అందులో ఉన్నాయి. భారత్ లేదు, బ్రిటన్ లేదు. మనం లేకపోయినా అది మన ఒప్పందంలోకి రావచ్చు. జర్మన్ చట్టం వర్తిస్తుందని రాసుకుంటే, ప్రత్యేకంగా వద్దనుకోకపోతే, జర్మన్ చట్టంలో భాగంగా సీఐఎస్‌జీ వచ్చి కూర్చుంటుంది. అమెరికా ఈ దారిని మూసే మినహాయింపు పెట్టుకుని చేరింది కాబట్టి అక్కడి బయ్యరుతో మామూలుగా ఆ బెడద ఉండదు.

సీఐఎస్‌జీ 79వ అధికరణం అదుపులో లేని అడ్డంకి ఎదురైతే నష్టపరిహారం నుంచి మినహాయింపు ఇస్తుంది. మితిమీరిన ధర పెరుగుదల అడ్డంకి అవుతుందా? 2009 జూన్‌లో బెల్జియం అత్యున్నత న్యాయస్థానం అవుతుందంది. స్కాఫమ్ అనే డచ్ కంపెనీకి లోరెయిన్ ట్యూబ్స్ అనే ఫ్రెంచి కంపెనీ ఉక్కు గొట్టాలు అమ్మింది. ఉక్కు ధర 70 శాతం పెరిగింది. ఒప్పందంలో ధర మార్చే క్లాజు లేదు. అయినా కొనేవాడు మళ్లీ బేరానికి కూర్చోవాల్సిందేనని కోర్టు తేల్చింది. విద్వాంసుల్లో సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది ఒడంబడికలో లేని మాటను కోర్టు రాసిందన్నారు. 2020లో సీఐఎస్‌జీ సలహా మండలి తన 20వ అభిప్రాయంలో మళ్లీ బేరమాడాల్సిన బాధ్యత లేదని, కోర్టు ఒప్పందాన్ని తిరగరాయకూడదని అంది. ఆ మండలి విద్వాంసుల బృందం, దాని మాట కోర్టులను కట్టిపడేయదు. వివాదం అక్కడే ఆగింది.

భారత్ చేరాలా వద్దా అన్న చర్చ పాతదే. నాకు తెలిసిన చిన్న ఎగుమతిదారుల దృష్టితో చూస్తే సీఐఎస్‌జీలో చేరడం కన్నా పర్చేజ్ ఆర్డరు వెనక పేజీ చదవడమే ముందు తేలే పని.

ఫోన్‌లో అడిగిన డిస్కౌంటు

కోర్టుకు వెళ్లే కేసులు తక్కువ. ఎక్కువగా జరిగేది ఇది: సరుకు నీటి మీద ఉండగా బయ్యరు ఏజెంటు ఫోన్ చేస్తాడు. సుంకం పెరిగింది, 15 శాతం తగ్గించండి, లేకపోతే కంటెయినర్ తీసుకోం అంటాడు. రేవులో పడి ఉన్న కంటెయినర్‌కు రోజువారీ అద్దె మోగుతుంది. వెనక్కి తెప్పిస్తే మళ్లీ కిరాయి. ఆ బ్రాండు లేబుల్ కుట్టిన సరుకు ఇంకొకరికి అమ్మలేం. ఎగుమతిదారు వాట్సాప్‌లో ‘ఓకే సర్’ అని పెడతాడు.

ఆ రెండు మాటల విలువ చాలామందికి తెలియదు. ఇంగ్లండులోనైతే రావలసిన బాకీలో కొంత వదులుకుంటానన్న మాటకు ప్రతిఫలం లేకపోతే అది కట్టుబాటు కాదు. మన కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ అలా కాదు. రావలసిన దాన్ని పూర్తిగా గానీ కొంతగానీ వదులుకోవచ్చు, దానికి ప్రతిఫలం అక్కరలేదు. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిన ఒప్పందాలను సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ గుర్తిస్తుంది. కాబట్టి ‘ఓకే సర్’ చెల్లవచ్చు.

గత్యంతరం లేక ఒప్పుకున్నానని తర్వాత చెప్పవచ్చా? 1989లో ఇంగ్లండులో అట్లాస్ ఎక్స్‌ప్రెస్ కేసు ఉంది. కాఫ్కో అనే చిన్న కంపెనీ బుట్టలు దిగుమతి చేసి వూల్‌వర్త్ దుకాణాలకు సరఫరా చేసేది. రవాణా సంస్థ మధ్యలో రేటు పెంచి, ఒప్పుకోకపోతే సరుకు ఎత్తనంది. క్రిస్మస్ ముందు వేరే బండి దొరకదు, సరఫరా ఆగితే వ్యాపారమే పోతుంది. సంతకం పెట్టారు. ఆర్థిక ఒత్తిడి కింద చేసిన ఒప్పందం కాబట్టి చెల్లదని కోర్టు తేల్చింది. మన చట్టంలో బలవంతం, అనుచిత ప్రభావం అనే 15, 16 సెక్షన్లున్నాయి. వాటి మాటలు ఇలాంటి వ్యాపార ఒత్తిడికి సరిగ్గా అతకవు. అతికించవచ్చా అన్నది తేలాలి. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పవచ్చు. అభ్యంతరం తెలుపుతూ ఒప్పుకోవడం వేరు, సంతోషంగా ఒప్పుకోవడం వేరు. ‘మా హక్కులు వదులుకోకుండా, సరుకు పాడుకాకుండా ఉండటానికి మాత్రమే అంగీకరిస్తున్నాం’ అని ఒక ఈమెయిల్ పంపితే తర్వాత వాదించడానికి ఆధారం మిగులుతుంది.

డిస్కౌంటు సంగతి అక్కడితో ముగియదు. షిప్పింగ్ బిల్లులో చూపిన విలువకు డాలర్లు తక్కువొస్తే బ్యాంకు అడుగుతుంది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ వ్యవస్థలో ఆ ఎంట్రీ మూతపడదు. ఎగుమతి సొమ్ము రప్పించుకోవడానికి ఉన్న 9 నెలల గడువును 2025 నవంబరులో 15 నెలలకు పెంచారు. ఇది ఊరటే, కానీ తగ్గింపుకు కాగితం చూపించక తప్పదు. అటువైపు జాబ్‌వర్క్ చేసినవాళ్లకు ఆ గడువు లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం అంటుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆదాయపు పన్ను లెక్కలో కూడా ఆ ఖర్చు చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలి. న్యూయార్క్ బయ్యరు 120 రోజులకు గానీ డబ్బు పంపడు, మగ్గాలవాళ్లకు 45 రోజుల్లో ఇవ్వాలి. మధ్యలో ఉన్నవాడు రెండు చట్టాల నడుమ నలుగుతాడు. మగ్గాలవాళ్లూ మనవాళ్లే కాబట్టి వాళ్ల గడువు తగ్గించమని అనలేం.

ఈసీజీసీ బీమా కొనుగోలుదారు దివాలా తీసినా, డబ్బు ఎగవేసినా ఆదుకుంటుంది. మీరే తగ్గించి ఇచ్చిన డిస్కౌంటుకు మాత్రం కాదు.

లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉన్నవాళ్ల పరిస్థితి చాలా నయం. బ్యాంకు చూసేది పత్రాలే, సరుకును కాదు, సుంకాన్ని కాదు. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించినప్పుడు మద్రాసుకు చెందిన తారాపూర్ కంపెనీకి, యంత్రాలు అమ్మిన సోవియట్ సంస్థకు తగాదా వచ్చింది. ఎల్‌సీ కింద చెల్లింపు ఆపించాలని తారాపూర్ కోర్టుకెక్కింది. మార్చరాని ఎల్‌సీ అమ్మకం ఒప్పందం నుంచి వేరు, తగాదా తర్వాత తేల్చుకోండి, చెల్లింపు మాత్రం ఆగదు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ఓడినవాడు భారతీయుడే. ఇప్పుడు ఎగుమతిదారుగా నిలబడితే అదే తీర్పు మనకు కవచం. ఖర్చు ఎక్కువని ఎల్‌సీ వదిలేసి బయ్యరు మీద నమ్మకంతో పంపేవాళ్లు పెరగడమే ఈ కథలో విచారించవలసిన భాగం.

గెలిచినా వసూలు ఎక్కడ

మన కోర్టులో డిక్రీ తెచ్చుకున్నా అమెరికాలో అది నేరుగా అమలు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ కింద పరస్పర గుర్తింపు ఉన్న ప్రాంతాల్లో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. మధ్యవర్తిత్వ అవార్డుకు 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక ఉంది, రెండు దేశాలూ అందులో ఉన్నాయి. అందుకే లాయర్లు ఆర్బిట్రేషన్ క్లాజు రాయమంటారు. కానీ 20,000 డాలర్ల తువ్వాళ్ల కోసం సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ పెట్టుకుంటే ఫీజులకే చాలదు. ఒకే ఆర్బిట్రేటర్, ఆరు నెలల్లో తీర్పు అనే పద్ధతిలో ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట కమిషన్ 2021లో వేగవంతమైన నియమాలు తెచ్చింది. చిన్న ఒప్పందాల్లో వాటి పేరు రాసుకోవడానికి ఖర్చేమీ లేదు.

ముందే రాసుకోవలసినవి

అంతర్జాతీయ వాణిజ్య మండలి 2020లో ఫోర్స్ మెజూర్, హార్డ్‌షిప్ క్లాజుల నమూనాలు ప్రకటించింది. అవి పెద్ద ఒప్పందాలకు సరిపోతాయి. ప్రొఫార్మా ఇన్‌వాయిసు మీద నాలుగు వాక్యాలకే చోటున్నవాళ్లు కనీసం ఇవి పెట్టించుకోవాలి: ఈ ధర ఫలానా తేదీన అమల్లో ఉన్న సుంకాల ప్రకారం చెప్పింది, ఏ దేశంలోనైనా, ఎగుమతి లేదా దిగుమతి సుంకం మారితే ఆ తేడా ఫలానావారిది, లేదా ఫలానా నిష్పత్తిలో ఇద్దరిదీ, తేడా ఇంత శాతం దాటితే ఓడకెక్కని సరుకు మేరకు ఎవరైనా తప్పుకోవచ్చు, ఎక్కిన సరుకు మేరకు వీల్లేదు, ధర మార్పు ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ‘ఏ దేశంలోనైనా’ అన్న రెండు మాటలు తప్పకుండా ఉండాలి. ఎనర్జీ వాచ్‌డాగ్‌లో పెద్ద కంపెనీలకు, పెద్ద లాయర్లకు లేకపోయింది ఆ మాటలే.

బయ్యరు ఒప్పుకుంటాడా అని అడుగుతారు. అన్నీ ఒప్పుకోడు. సుంకాలు స్థిరంగా ఉన్న రోజుల్లో అడిగితే ఒప్పుకునే వీలు ఎక్కువ.

సుంకం వాపసు వస్తే

ఈ సుంకాలకు ఆధారంగా చూపింది అమెరికా 1977లో చేసుకున్న అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. ఆ చట్టం సుంకం వేసే అధికారం ఇవ్వదని అక్కడి దిగుమతిదారులు కోర్టుకెళ్లారు. 2025 మేలో వాణిజ్య న్యాయస్థానం, ఆగస్టు 29న ఫెడరల్ అప్పీలు కోర్టు వాళ్ల వాదనను సమర్థించాయి. నవంబరు 5న సుప్రీంకోర్టు వాదనలు వింది. దీని మీదైనా మరో సుంకం మీదైనా, చెల్లదని తేలి డబ్బు వెనక్కి ఇస్తే అది కస్టమ్స్‌లో దిగుమతిదారుగా నమోదైనవారికి పోతుంది. తువ్వాళ్లు 15 శాతం తగ్గించి ఇచ్చిన సోలాపూర్ యూనిట్‌కు కాదు.

మన దేశంలో పన్ను వాపసు అడిగినవాడు ఆ భారం ఇతరుల మీద వేయలేదని నిరూపించుకోవాలి. మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రాన్ని నిలబెట్టింది. అది పన్ను కట్టినవాడికి, ప్రభుత్వానికి మధ్య సూత్రం. అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య, అదీ రెండు దేశాల నడుమ, ఆ వాపసులో వాటా అడగవచ్చా అన్నది ఒప్పందాన్ని, డిస్కౌంటు ఇచ్చినప్పటి కాగితాన్ని బట్టి ఉంటుంది. క్రెడిట్ నోటులో ‘ధర తగ్గింపు’ అని రాసి ఉంటే బయ్యరు అది మామూలు బేరమే అంటాడు. ‘సుంకంలో మా వాటా, సుంకం వాపసు వస్తే తిరిగి ఇవ్వాలి’ అని రాసి ఉంటే అడగడానికి ఒక పట్టు ఉంటుంది. 2025 ఆగస్టు తర్వాత డిస్కౌంటు ఇచ్చినవాళ్లు ఆ క్రెడిట్ నోటుల్లో కారణం కింద ఏం రాశారో, దాని ముందూ వెనకా నడిచిన ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు ఇంకా ఫోన్‌లో ఉన్నాయో లేదో ఒకసారి తీసి చూసుకోవాలి.